ఏ మెటల్ డిటెక్టర్ తెమ్మంటవ్ బావా?

మూడు నెలల్లో ముగ్గురు అడిగారు. మొదటివాడు మా బామ్మర్ది. డాలస్‌లో ఉంటాడు, సంక్రాంతికి వస్తూ "బావా, ఒక మెషిన్ తెస్తున్న, ఏది తెమ్మంటవ్?" అని ఫోన్ చేశాడు. రెండో ఆయన మా ఆఫీసులో పక్క టీము మేనేజరు, సొంతూరు జడ్చర్ల అవతల. మూడో అతను నాతో ఇంజనీరింగ్ చదివినవాడు, హుజూర్‌నగర్ వైపు నాలుగెకరాలు కొన్నాడు. ముగ్గురిదీ ఒకటే ప్రశ్న: పాత నాణేలు వెతకడానికి ఏ మెటల్ డిటెక్టర్ మంచిది? నేను చదివింది ఎలక్ట్రానిక్స్, పడింది సాఫ్ట్‌వేరులో. అయినా సర్క్యూట్ అనగానే నాకు తెలుస్తుందని మనవాళ్ళకో నమ్మకం.

ముగ్గురికీ చెప్పింది కూడా ఒకటే. కొనకండి. ఫోన్లో చెప్తే "నువ్వు ప్రతిదానికీ అడ్డం పుల్ల వేస్తావ్" అన్నారు. అందుకని తాపీగా రాస్తున్నాను. తిట్టాలనుకున్నవాళ్ళు పూర్తిగా చదివి తిట్టండి.

ఈ పిచ్చి ఎక్కడినుంచి పట్టుకుందో తెలుసు. యూట్యూబులో ఇంగ్లాండు వీడియోలు. పచ్చటి పొలం, హెడ్‌ఫోన్లు పెట్టుకున్న పెద్దమనిషి, బీప్ మనగానే చిన్న పారతో ఒక గడ్డ లేపుతాడు, రోమన్ నాణెం బయటికొస్తుంది. చూడ్డానికి బాగుంటుంది, నేనూ చూస్తాను. దాన్ని తెచ్చి నల్గొండ, పాలమూరు చెలకల్లో పెడదామనేదగ్గరే నాకు పేచీ. మనం క్లయింటు దగ్గర నడుస్తున్న సిస్టంని కాన్ఫిగరేషన్ చూడకుండా ఇక్కడి సర్వర్లోకి కాపీ కొట్టి, నడవట్లేదేంటని తల పట్టుకుంటామే, అచ్చం అలాంటిదే ఇది.

ముందు మన నేల గురించి. నల్గొండంటే ఫ్లోరైడు నీళ్ళు, పాలమూరంటే వలస, ఇంతే తెలిసిన తరం మనది. కానీ పాత నల్గొండ జిల్లాలోనే అక్కన్‌పల్లిలో 1,500కు పైగా రోమన్ వెండి దీనారియస్‌లు ఒకే కుప్పగా దొరికాయి. పరమేశ్వరీ లాల్ గుప్తా 1965లో ఆంధ్రప్రదేశ్‌లో దొరికిన రోమన్ నాణేల మీద వేసిన పుస్తకంలో అవి ఉన్నాయి. కృష్ణ ఒడ్డున నాగార్జునకొండలో ఇక్ష్వాకుల సీసం నాణేలతో పాటు రోమన్ బంగారు నాణేలు కూడా దొరికాయి. ఇప్పుడు సూర్యాపేట జిల్లాలో ఉన్న ఫణిగిరి బౌద్ధ స్థలంలో దొరికిన తోరణ శిల్పాలను 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ప్రదర్శించారు. పాలమూరు వైపు చూస్తే అలంపురం నవబ్రహ్మ ఆలయాలు, కృష్ణ ఒడ్డున ముడుమాలు నిలువురాళ్ళు (2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి ఎక్కాయి), ఎక్కడ చూసినా రాకాసి గుళ్ళు. గద్వాల, నారాయణపేట టంకశాలల్లో ఒకప్పుడు సొంతంగా నాణేలు కొట్టేవారు. నిజాం కాలపు చార్మినార్ బొమ్మ సిక్కాలైతే ఇప్పటికీ ముసలమ్మల పెట్టెల్లో కనపడతాయి.

ఇంకో సంగతి. చాలా ఊళ్ళ పక్కన పాటిగడ్డ అని ఒకటుంటుంది. పాత ఊరు కూలిపోయి మట్టిదిబ్బగా మిగిలిన చోటు. ఆ మన్ను బలమని రైతులు బండ్లకెత్తి పొలాల్లో చల్లేవారు. అందుకే రెండువేల ఏళ్ళ నాటి పెంకులూ పూసలూ నాణేలూ ఎక్కడో కిలోమీటరు అవతల నాగటి చాలులో తేలతాయి. కాబట్టి "మా పొలంలో దొరికింది" అన్న ప్రతి నాణేనికీ ఆ పొలం అసలు చిరునామా కాకపోవచ్చు. దీని సంగతి మళ్ళీ వస్తుంది.

ఇక మెషిన్ సంగతి. అడిగారు కాబట్టి చెప్తాను, దాచుకునే విద్య ఏం కాదు.

మార్కెట్లో నాణేల వేటకని అమ్మేవి దాదాపు అన్నీ వీఎల్ఎఫ్ రకం. కింద పళ్ళెం లాంటి దాంట్లో రెండు కాయిల్స్ ఉంటాయి. ఒకటి కొన్ని కిలోహెర్ట్జ్‌ల దగ్గర అయస్కాంత క్షేత్రాన్ని పంపుతుంది. కింద లోహం ఉంటే అందులో సుడి ప్రవాహాలు పుడతాయి, వాటి క్షేత్రం రెండో కాయిల్‌కు అందుతుంది. పంపినదానికీ అందినదానికీ మధ్య ఫేజ్ తేడా చూసి, ఇది ఇనుము, ఇది వెండి అని మెషిన్ ఒక అంకె చూపిస్తుంది. గారెట్ ఏస్ 250 లాంటి పాత మోడల్ 6.5 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక్కటే ఫ్రీక్వెన్సీ. మైన్‌ల్యాబ్ వాళ్ళు 2018లో తెచ్చిన ఎక్వినాక్స్ రకం ఒకేసారి చాలా ఫ్రీక్వెన్సీలు వాడుతుంది. రేటు పెరిగేకొద్దీ మారేది ముఖ్యంగా ఇదీ, గ్రౌండ్ బ్యాలెన్సూ. మన చెలక నేల ఎరుపు ఎక్కడినుంచి వచ్చింది? ఇనుపధాతువు నుంచే. అలాంటి నేలలో మట్టే సిగ్నల్ ఇస్తుంది. చవక మెషిన్ ఊరికే మొత్తుకుంటుంది, లేదంటే మొద్దుబారిపోతుంది. కొనేదుంటే గ్రౌండ్ బ్యాలెన్స్ చేతితో సర్దుకోగలిగేది కొనాలి. అదీ టెక్నికల్ జవాబు. అక్కడితో ఆపేస్తే నాకు పేరొచ్చేది, మా బామ్మర్దికి మెషిన్ వచ్చేది.

కానీ లోతు లెక్క ఒకసారి చూడండి. కాయిల్ సైజుకంటే దూరం బాగా పెరిగాక, వెళ్ళే క్షేత్రం దూరం ఘనం లెక్కన పడిపోతుంది. నాణెం నుంచి తిరిగొచ్చేది మళ్ళీ ఘనం లెక్కన. మొత్తం ఆరో ఘాతం. లోతు రెట్టింపైతే సిగ్నల్ 64వ వంతు. రెట్టింపు డబ్బులు పెట్టినా ఆ ఘాతం మారదు. అందుకే ఎంత ఖరీదు మెషిన్ అయినా ఒంటి నాణేన్ని ఒక అడుగు లోపలే పట్టుకుంటుంది. అంటే దున్నిన పొర. అంటే ఇప్పటికే చెదిరిపోయిన పొర. దాని కింద కదలకుండా ఉన్న అసలు చరిత్ర మెషిన్‌కు కనపడదు. మరి మనవాడు ఊరుకుంటాడా? "పైన ఇంత ఉంటే లోపల ఎంతుందో" అని పలుగు తీస్తాడు. నాకు భయం మెషిన్ దొరకబుచ్చుకునేదాని గురించి కాదు, అది పుట్టించే ఆశ గురించి.

అంతకంటే పెద్ద తమాషా ఇంకోటుంది. ఈ మెషిన్లన్నింటిలో డిస్క్రిమినేషన్ అని ఒక నాబ్ ఉంటుంది. చెత్తను వినిపించకుండా చేసేది. అవి తయారుచేసినవాళ్ళ దృష్టిలో చెత్త అంటే ఏంటి? ఇనుప ముక్కలు, అల్యూమినియం రేకులు. విలువైనదంటే వెండి, రాగి. ఇప్పుడు మన నేలకు రండి. శాతవాహనులూ ఇక్ష్వాకులూ ఇక్కడ ఎక్కువగా వేసింది సీసం నాణేలు. సీసం విద్యుత్తును రాగిలా బాగా పంపదు. చిన్న సీసం బిళ్ళ మెషిన్‌కు దాదాపు మందుబిళ్ళల రేకులాగా, సీసా మూతలాగా కనపడుతుంది. కల్లు కాంపౌండ్లూ బెల్టు షాపులూ ఉన్న మన ఊళ్ళలో మూతల గోల భరించలేక నాబ్ తిప్పుతారు. తిప్పగానే ఇక్ష్వాకులు కూడా వెళ్ళిపోతారు. ఇనుము సంగతి ఇంకా ఘోరం. రాకాసి గుళ్ళు కట్టినవాళ్ళది ఇనుప యుగం. వాళ్ళ సమాధుల్లో ఉండేవి ఇనుప కత్తులు, బాణపు ములుకులు, నలుపూ ఎరుపూ కలిసిన కుండలు, ఎముకలు. మెషిన్ భాషలో ఇనుము చెత్త. కుండకూ ఎముకకూ అసలు బీపే లేదు. అంటే అమెరికా పార్కుల్లో చిల్లర ఏరడానికి చేసిన ప్రోగ్రామును మన నేల మీద రన్ చేస్తే, అది మన చరిత్రలో ముఖ్యమైనదాన్నంతా ఫిల్టర్ చేసి పారేస్తుంది.

నకిలీల గురించి ఎక్కువ రాయను, రాస్తే వేరే పురాణమవుతుంది. "రెండు కిలోమీటర్ల దూరం నుంచి బంగారం మాత్రమే పడుతుంది" అని యాంటెన్నా పుల్లలున్న పిడిని లక్షలకు అమ్ముతుంటారు. ఫిజిక్సులో అలాంటిది లేదు. గోల్ఫ్ బంతులు వెతికే బొమ్మను బాంబు డిటెక్టరని ఇరాక్‌కు అమ్మిన బ్రిటిష్ వ్యాపారికి 2013లో పదేళ్ళ జైలు పడింది. దాని పేరు ఏడీఈ 651. లోపల ఏ సర్క్యూటూ లేదు. మన దగ్గర రైస్ పుల్లింగ్ చెంబు ఉంది కదా, దానికి ఇంగ్లీషు చుట్టం. నెలకు లక్షల జీతం తీసుకుంటూ కోడ్ రివ్యూలో సెమీకోలన్ దగ్గర కొట్లాడేవాళ్ళే ఈ పుల్లల దగ్గర మాత్రం ఒక్క ప్రశ్న వెయ్యరు. నాకు అర్థం కాని విషయాల్లో ఇదొకటి.

సరే, మెషిన్ మంచిదే, మనిషీ మంచివాడే అనుకుందాం. అయినా ఎందుకు వద్దంటున్నాను?

2024 మార్చి చివర్లో ఫణిగిరిలో హెరిటేజ్ శాఖ వాళ్ళు తవ్వుతుంటే 3.7 అడుగుల లోతులో ఒక చిన్న మట్టికుండ దొరికింది. అడ్డం 16.7 సెంటీమీటర్లు, ఎత్తు 15. పైన ఒక చిప్ప మూతగా పెట్టి ఉంది. లోపల 3,730 సీసం నాణేలు. ఒకవైపు ఏనుగు, ఇంకోవైపు ఉజ్జయినీ గుర్తు. ఇక్ష్వాకుల కాలానివని నిపుణులు చెప్పారు. ఆ కుండ ఏ పొరలో ఉంది, దాని పక్కన ఏ పెంకులున్నాయి, అది విహారంలో ఏ గోడకు ఎంత దూరం, ఎవరు ఎందుకు దాచి ఉంటారు, ఇవన్నీ ఇప్పుడు అడగగలిగే ప్రశ్నలు. ఎందుకంటే కుండ కుండగా దొరికింది, చోటు రాసి పెట్టారు.

అదే కుండ రాత్రిపూట పలుగుకు దొరికితే? మొదటి దెబ్బకు కుండ పగులుతుంది. బంగారం కాదు, సీసం అని తెలిసి సగం పారేస్తారు. మిగతాది కోఠీలో ఎవరికో, ఎవరి ద్వారానో చేరి, చివరికి ఒక్కోటీ ప్లాస్టిక్ కవరులో "దక్కన్, ప్రాచీన, సీసం" అన్న చీటీతో ఎవరి ఆల్బంలోనో కూర్చుంటుంది. నాణెం నాశనం కాలేదు, మెరుస్తూనే ఉంది. కానీ అది ఇంక ఏమీ చెప్పలేదు. టైమ్‌స్టాంపూ సర్వర్ పేరూ చెరిపేసి "ఎర్రర్" అన్న ఒక్క లైను మాత్రం పంపితే మీరు డీబగ్ చెయ్యగలరా? ఇదీ అంతే. ఆ లైనుకు ఎంత బంగారు ఫ్రేము కట్టించినా అంతే.

చోటు తెలిస్తే ఏమవుతుందో కోటిలింగాల చెప్తుంది. అది కరీంనగర్ వైపు, గోదావరి ఒడ్డున. అక్కడ జనానికి మట్టి పైన దొరికిన నాణేలు పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారి దాకా చేరాయి. వాటిలో శాతవాహనుల మొదటి రాజు సిముకుడివీ ఉన్నాయి. అంతకంటే ముందు వాళ్ళు, గోబద, నారన, సమగోప అని అప్పటిదాకా మనకు తెలియని పేర్లూ బయటికొచ్చాయి. శాతవాహనుల మొదలు ఎక్కడ అన్న వాదంలో తెలంగాణకు ఒక కుర్చీ దొరికింది ఆ చిల్లర వల్లే. ఏరినవాళ్ళు ప్రొఫెసర్లు కారు. మెషిన్లూ లేవు. "ఇది ఇక్కడ దొరికింది" అన్న ఒక్క మాట నాణెంతో పాటు ప్రయాణం చేసింది, అంతే. కాబట్టి మామూలు మనుషులు చరిత్ర జోలికి రావద్దని నేను అనట్లేదు. ఆ ఒక్క మాటను తెంపెయ్యొద్దంటున్నాను. పైగా పాటిమన్ను సంగతి గుర్తుందిగా, ఆ మాట ఒక్కోసారి "ఇక్కడ దొరికింది, మన్ను ఫలానా దిబ్బది" అని రెండు వాక్యాలు కావాలి. అది చెప్పగలిగేది ఆ ఊరి ముసలాయనే తప్ప ఆ మెషిన్ కాదు.

ఇప్పుడు ఎదుటివాళ్ళ వాదన. మా బామ్మర్ది తెలివైనవాడు, ఊరికే ఒప్పుకోడు. "బావా, నువ్వు నా చిన్న పార గురించి ఏడుస్తున్నవ్. షాద్‌నగర్ నుంచి జడ్చర్ల దాకా, ఇటు చౌటుప్పల్ దాకా వెంచర్లేసి జేసీబీలతోని చదును చేస్తున్నరు. ఒక్క రోజుల ఎన్ని పాటిగడ్డలు పోతున్నయో లెక్కుందా? నేను పోయి నాలుగు నాణేలు కాపాడితే తప్పా?"

ఇది గట్టి వాదన. దీన్ని తీసిపారేసేవాళ్ళు ఆ రోడ్డు మీద ఈ మధ్య ప్రయాణం చేసి ఉండరు. 2021 ఏప్రిల్లో జనగామ జిల్లా పెంబర్తిలో వెంచరు కోసం భూమి చదును చేస్తుంటేనే బంగారు, వెండి నగలున్న రాగి బిందె బయటపడింది. అది బంగారం కాబట్టి, పదిమంది చూశారు కాబట్టి లోకానికి తెలిసింది. సీసం, పెంకులు, ఇనుప తుప్పు ఎన్ని లారీల్లో ఎక్కడికి పోయాయో ఎవరికి తెలుసు? వెంచరుకు అనుమతి ఇచ్చేముందు ఆ భూమిని చరిత్ర తెలిసిన మనిషి ఒక్కసారి నడిచి చూడాలన్న నియమం ఉంటే సగం గొడవ తీరుతుంది. దాని గురించి అడుగుదాం, నేను ముందుంటాను. కానీ జేసీబీ పాడుచేస్తోంది కాబట్టి నేనూ తవ్వుతా అనడం, ప్రొడక్షన్ సర్వర్ ఎలాగూ క్రాష్ అవుతుంది కదా అని హార్డ్ డిస్కు ఇంటికి పట్టుకుపోవడం లాంటిది. పైగా ఈ మెషిన్లు తెచ్చేవాళ్ళెవరూ వెంచర్ల దగ్గరికి వెళ్ళడం నేను చూడలేదు. అక్కడ కాపలా ఉంటుంది, బిల్డరుంటాడు. వీళ్ళు వెళ్ళేది కాపలా లేని చోటుకు. పాడుబడ్డ గుడికి, కోట గోడకు, చెరువుకట్టకు.

మా అమ్మమ్మ వాళ్ళ ఊరు దేవరకొండ వైపు. చెరువు దగ్గర చిన్న శివాలయం, ముందర రాతినంది. చిన్నప్పుడు సెలవులకు వెళ్తే దాని మీదెక్కి కూర్చునేవాళ్ళం, పూజారి తాత అరిచేవాడు. కొన్నేళ్ళ కింద ఎవరో రాత్రికి రాత్రి దాని కింద తవ్వారు. నందిని దొర్లించారు, మెడ విరిగింది. గుంటలో నిమ్మకాయలూ పసుపూ కోడి ఈకలూ ఉన్నాయట. పక్కనున్న వీరగల్లును రెండు ముక్కలు చేశారు, లోపల ఏమన్నా ఉందేమోనని. రాతి లోపల! ఎవరన్నది తేలలేదు. ఊళ్ళో వాళ్ళు చెప్పిన ఒక్క వివరం మాత్రం నా బుర్రలోంచి పోదు: అంతకు ముందు వారం ఎవరో కారులో వచ్చి "చేతికర్ర లాంటి మిషిన్"తో చుట్టూ తిరిగి పోయారట. ఆ వచ్చినవాడు నాణేల సరదా ఉన్న అమాయకుడే కావొచ్చు. అక్కడ బీప్ మన్నది మేకో, నాగటి కర్రు ముక్కో కావొచ్చు. కానీ ఊళ్ళో నలుగురు ఆ బీప్ విన్నారు. మనం వీకెండు సరదాగా వెళ్ళి సోమవారం ఆఫీసులో కూర్చుంటాం. మనం వదిలిన పుకారు మాత్రం అక్కడే ఉంటుంది, అమావాస్య దాకా.

చట్టం గురించి కూడా చెప్పాలి, మనవాళ్ళలో చాలామందికి "మా పొలంలో దొరికింది మాదే" అన్న ధీమా ఉంది. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం నేలలో దాగి ఉన్న విలువైన వస్తువు ఏదైనా, పది రూపాయలు దాటితే, దొరికినవాడు కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. ఏం దొరికింది, ఎక్కడ, ఎప్పుడు. చెప్పకపోతే ఏడాది దాకా జైలు లేదా జరిమానా లేదా రెండూ, వాటా కూడా పోతుంది. తెలిసీ సహకరించిన భూయజమానికి ఆరు నెలల దాకా. అలంపురం లాంటి ఏఎస్ఐ రక్షణలో ఉన్న చోట్ల తవ్వితే 1958 చట్టం వేరే ఉంది, 2010 సవరణ తర్వాత దాంట్లో రెండేళ్ళ దాకా జైలు. వందేళ్ళు దాటిన నాణేన్ని బట్టల మధ్య పెట్టుకుని డాలస్ తీసుకెళ్తే 1972 పురావస్తువుల చట్టం కింద మూడేళ్ళ దాకా. మెషిన్ ఏ మోడలని ఏ చట్టమూ అడగదు.

అయితే ఇక్కడ ప్రభుత్వాన్ని కూడా వదలను. ఆ 1878 చట్టంలో ఒక పెద్ద బగ్గుంది, నూట నలభై ఏళ్ళు దాటినా ఎవరూ ఫిక్స్ చెయ్యలేదు. నిజాయితీగా కలెక్టరుకు అప్పగించారనుకోండి. సొంతదారు ఎవరూ లేరని తేలితే, వేరే ఒప్పందం లేనప్పుడు, దొరికినవాడికి ముప్పాతిక, భూమి వాడికి పావు. వినడానికి బ్రహ్మాండం. కానీ ప్రభుత్వం దాన్ని తీసుకోవాలనుకుంటే ఇవ్వాల్సింది ఆ పదార్థం విలువ, దాని మీద అయిదో వంతు అదనం. పదార్థం విలువ! ఫణిగిరి కుండ ఒక రైతుకు దొరికి ఉంటే? ఒక్కో నాణెం సగటున 2.3 గ్రాములు, మొత్తం ఎనిమిదిన్నర కిలోల సీసం. పాత బ్యాటరీల సీసం రేటు కట్టి, అయిదో వంతు కలిపితే రెండు వేల రూపాయలు అటూ ఇటూ. దానికోసం ఆ రైతు నోటీసు ఇవ్వాలి, కనీసం నాలుగు నెలలు విచారణ తేదీ కోసం ఎదురుచూడాలి, మధ్యలో పోలీసులు వచ్చి "ఇంకా ఎక్కడ దాచావ్?" అని అడిగితే జవాబు చెప్పుకోవాలి. మీరైతే ఇస్తారా? మన కంపెనీలు బగ్ కనిపెట్టి చెప్పినవాడికి బహుమతి ఇస్తాయి. ఎందుకు? చెప్పకపోతే వాడు దాన్ని బయట అమ్ముకుంటాడని. ఈ చట్టం మాత్రం బగ్ చెప్పినవాడి కాలరు పట్టుకుని, కీబోర్డు అరిగినందుకు చిల్లర ఇస్తుంది.

ఇంగ్లాండులో పని నడుస్తున్నది మెషిన్ల వల్ల కాదు, ఈ ముడి విప్పినందువల్ల. అక్కడ 1996 ట్రెజర్ చట్టం ప్రకారం 14 రోజుల్లో చెప్పాలి, మ్యూజియం తీసుకుంటే మార్కెట్ ధర కడుతుంది, మామూలుగా దొరికినవాడికీ భూమివాడికీ సగం సగం. 1997లో మొదలైన పోర్టబుల్ యాంటిక్విటీస్ స్కీములో జిల్లాకొకరన్నట్టు అధికారులు ఉంటారు, చిన్న బొత్తాము తెచ్చినా చోటు రాసుకుని ఫోటో తీసి డేటాబేసులో పెడతారు. పది లక్షలకు పైగా వస్తువులు అలా నమోదయ్యాయి. 1992లో సఫోక్ జిల్లా హాక్సన్‌లో ఒకాయన స్నేహితుడి పోయిన సుత్తి వెతుకుతుంటే రోమన్ నాణేల నిధి తగిలింది. కొంచెం తీసి, ఆపేసి, కబురు పెట్టాడు. మర్నాడు పురాతత్వ శాఖవాళ్ళు వచ్చి పెట్టె ఆకారంతో సహా తీశారు. దాదాపు 15 వేల నాణేలు. బహుమతి పదిహేడున్నర లక్షల పౌండ్లు. ఆ సుత్తి కూడా బ్రిటిష్ మ్యూజియంలో ఉంది! 2009లో స్టాఫర్డ్‌షైర్ నిధి దొరికినతను వాడింది రెండున్నర పౌండ్లకు కొన్న పాత మెషినని పత్రికలు రాశాయి. ఏ మోడల్ మంచిదని అడిగేవాళ్ళు ఈ వాక్యం రెండుసార్లు చదవండి. అక్కడ కూడా 2015లో లెమ్‌స్టర్ దగ్గర దొరికిన నిధిని దాచి అమ్ముకున్నవాళ్ళు 2019లో జైలుకెళ్ళారు. యూట్యూబు వీడియోల్లో ఈ ఫారాలూ అనుమతి కాగితాలూ ఆఫీసర్లూ కనపడరు. కనపడేది బీప్ ఒక్కటే.

కాబట్టి మెషిన్ డబ్బులు ఖర్చు చెయ్యాలని చెయ్యి దురదగా ఉంటే, దారి ఉంది. చట్టం మార్చమని అడగండి: మార్కెట్ ధర కట్టాలని, కలెక్టరేటు చుట్టూ తిప్పకుండా మండలంలోనే నమోదు చేసే మనిషి ఉండాలని. అమెరికాలో మన సంఘాలు సభలకు సినిమావాళ్ళను రప్పించడానికి పెట్టే ఖర్చులో కొంచెం ఇటు తిప్పితే ఊరూరా పాటిగడ్డల మ్యాపు తయారు చెయ్యొచ్చు. అది మనకొచ్చిన పని కదా. జీపీఎస్ ఉంది, ఫోన్లో కెమెరా ఉంది, వారంలో యాప్ రాసేస్తాం. బీప్ లేదు కాబట్టి థ్రిల్లుండదు, ఒప్పుకుంటాను.

ఇప్పటికే కొనేసినవాళ్ళు దాన్ని పెళ్ళిళ్ళలో పోయిన ఉంగరాలు వెతకడానికి వాడండి, పొలంలో పూడిపోయిన పైపులైను వాల్వు వెతకడానికి వాడండి, పుణ్యమొస్తుంది. గుడి, కోట, రాకాసి గుడి, పాటిగడ్డ దరిదాపులకు మాత్రం కారులోంచి దించకండి.

దున్నుతుంటేనో, పునాది తీస్తుంటేనో నాణెం తనంతట తాను బయటపడితే: కదపకముందు ఫోటో తీయండి, పక్కన అగ్గిపెట్టె పెడితే సైజు తెలుస్తుంది. ఫోన్లో లొకేషన్ ఆన్ చెయ్యండి. ఆ పొలానికి పాటిమన్ను తోలారా, ఎక్కడినుంచి అని ఊళ్ళో పెద్దవాళ్ళను అడిగి రాసుకోండి. ఇంకో నాణెం ఉందేమోనని తవ్వకండి. చింతపండు పెట్టి తోమకండి, ఆ పులుపుకు సీసం నాణెం మీది ఏనుగు అరిగిపోతుంది. పొడి కాగితంలో చుట్టి, కలెక్టరు పేర అర్జీ రాసి, అప్పగించినప్పుడు ఎన్ని నాణేలు, ఎంత బరువు అని రాయించి రసీదు తీసుకోండి. రసీదు ఇవ్వకపోతే అక్కడినుంచి లేవకండి.